ఎక్కాల రాగంలో స్పానిష్ క్రియలు

మీ పిల్లకు పుట్టుకతో వచ్చిన తెలివిని పనికిరాదని పక్కన పెట్టించి, దాని జాగాలో బట్టీని కూర్చోబెట్టి, ఆ బట్టీకి ఫీజు కూడా వసూలు చేసేవాణ్ని మీరు ఏమని పిలుస్తారు?

సార్ అని పిలుస్తారు. రెండు చేతులూ జోడించి మరీ పిలుస్తారు. నా తమ్ముడూ అలాగే పిలిచాడు. వాడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ధాన్యం గుప్పిట్లోకి తీసుకుని, ఒక గింజ కొరికి, తేమ ఎంతుందో చెప్పగలడు. రైతు మాట నమ్మడు, దళారి మాట నమ్మడు, తూకం యంత్రాన్ని కూడా ఒకసారి అనుమానంగా చూసిగానీ నమ్మడు. అంత అనుమానపు మనిషి కోదాడలో ఒక మేడ మెట్లెక్కగానే అనుమానాన్ని చెప్పులతో పాటు కిందే విడిచిపెట్టాడు. ఎందుకంటే పైన ఉన్నది కోచింగ్ సెంటర్.

నేను సూర్యాపేటలో ఉంటాను. వ్యాసాలు రాసుకునే మనిషిని. చిన్న వయసులో మైకు పట్టుకుని మూఢనమ్మకాల మీద వాదించడం నేర్చుకున్నదాన్ని. పెన్‌పహాడ్ వైపు ఊళ్లలో చేతబడి అంటే ఏమీ లేదని సభలు పెట్టి, రాళ్లు కాకపోయినా బూతులు బాగానే తిన్నదాన్ని. అప్పట్లో నా శత్రువు ఎవరో స్పష్టంగా తెలిసేది. విభూది పెట్టుకుని, నిమ్మకాయ పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఇన్‌షర్ట్ చేసుకుని, చేతిలో మార్కర్ పట్టుకుని వస్తున్నాడు. పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

మా మేనకోడలు డిగ్రీ అయ్యాక స్పానిష్ మీద పడింది. హైదరాబాదులో మెక్సికో వాళ్ల ఫోన్లు ఎత్తి మాట్లాడే ఉద్యోగాలున్నాయనీ, ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లకన్నా వీళ్లకు జీతం మెరుగనీ ఎవరో చెప్పారు. ఆ మాట నిజమే. అందులో తప్పేమీ లేదు. ఆ ఉద్యోగం రాకపోతే మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతానని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. పిల్లకు ఆ మిల్లంటే గిట్టదు. ఊక దుమ్ము ఒంటికి పడక చిన్నప్పటి నుంచి దగ్గు. కాబట్టి స్పానిష్ దానికి సరదా కాదు. ఊపిరాడే చోటికి దారి.

కోదాడకు బస్సులు ఎక్కువని సూర్యాపేటలో నా దగ్గరే ఉండి రోజూ వెళ్లివచ్చేది. ఆ సెంటర్ కింద పురుగుమందుల దుకాణం. పైన మొదట స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పేవారట, తర్వాత అబాకస్ నేర్పారట, ఇప్పుడు స్పానిష్. గోడ అదే, బల్లలు అవే, సార్ కూడా ఆయనే. బోర్డు మాత్రం మారింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వసారాలో కూర్చుని పిల్ల చదువుతోంది. నేను వంటింట్లో పచ్చిపులుసు కలుపుతున్నాను. వినిపిస్తున్నది ఏ భాషో తెలియదుగానీ ఆ రాగం నాకు బాగా తెలుసు. అయిదో తరగతిలో మేమంతా గొంతు చించుకున్న రాగమే. రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు! ప్రతి వరుస చివర గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. ఆ మెట్టు మీద నిలబడి తర్వాతి వరుసలోకి దూకుతారు.

బయటికొచ్చి అడిగాను.

"ఏందే అది?"

"వర్బ్స్, అత్తా. మాట్లాడుడు. అబ్లో, అబ్లాస్, అబ్లా, అబ్లామోస్, అబ్లాన్."

"ఏదీ, 'మేం మాట్లాడతం' అను."

పిల్ల కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. అబ్లో, అబ్లాస్, అబ్లా అంటూ మొదటి నుంచి నడుచుకుంటూ వచ్చి, "అబ్లామోస్!" అని కళ్లు తెరిచింది, మెట్టు మీద నిలబడ్డ గొంతుతో.

ఏడెనిమిదులు ఎంతరా అంటే ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టే పిల్లలను మీరంతా చూసే ఉంటారు. చాలామంది మీరే.

"మెక్సికో ఆయన ఫోన్ల ఆగుతడా, నువ్వు మొదటికెళ్లి వచ్చేదాంక?" అన్నాను.

"సార్ గట్లనే చెప్పిండు. అందరం ఒక్కటేసారి అనాలె. ఒక్కలు తప్పినా మళ్ల మొదటికెళ్లి."

నాకు స్పానిష్ రాదు. ఆమాట దాచను. అయితే ఎప్పుడో కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత వ్యాకరణ పుస్తకం నా అలమరలో ఉంది. ఎవరి ప్రశ్నకూ జవాబివ్వని గురువుల కంటే వ్యాకరణ పుస్తకం నయం; ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. దాన్ని దులిపి తెరిచాను. ఫోన్లో ఆ భాషవాళ్ల మాటలు వింటూ, పక్కన పుస్తకం పెట్టుకుని కొన్ని వారాలు కూర్చున్నాను. చదివేకొద్దీ నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, కోపం.

ఎందుకంటే ఆ భాషలో మాటను ముక్కలు చేసే పద్ధతి తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. రెండు అచ్చుల నడుమ ఒక హల్లుంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది. కొ-మేర్ అంటే తినడం, బి-బీర్ అంటే బతకడం. మన గుణింతం పలక మీద నేర్పింది ఇదే కదా! రెండు హల్లులు ఎదురైతే మామూలుగా విడిపోతాయి. పాడటాన్ని కం-తార్ అంటారు; మన సున్నా ముందు అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉన్నట్టే. 'బ్ల', 'క్ర' లాంటి జంటలు మాత్రం విడిపోకుండా తర్వాతి అచ్చుతో వెళ్తాయి. కనుక మాట్లాడటం అ-బ్లార్. మనకు కొంచెం కొత్తగా ఉండేది 'స' ఒక్కటే. అది తన తర్వాత వచ్చే హల్లుతో కలిసి నడవదు. రాయడమంటే ఎస్-క్రి-బీర్, ఎ-స్క్రి-బీర్ కాదు. ఇంతే. పద్యానికి గురువు లఘువు గుర్తించిన పిల్లలకు ఇది ఒక మధ్యాహ్నం పని.

ముక్కలు తెలిసినవాళ్లకు బరువు తెలుస్తుంది. మాట అచ్చుతోనో, 'న'తోనో, 'స'తోనో ముగిస్తే చివరి నుంచి రెండో ముక్కను ఒత్తి పలుకుతారు. మరే హల్లుతో ముగిసినా చివరి ముక్కను ఒత్తుతారు. ఈ కట్టు తప్పిన చోట అచ్చు నెత్తిన చిన్న గీత గీసి ముందే చెబుతారు. ఇంత నిజాయితీగల ఏర్పాటు మన ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా లేదు. 'ఆబ్లో' అని ముందు ముక్కను ఒత్తితే నేను మాట్లాడుతున్నానని. వెనక ముక్కను ఒత్తితే అతడు మాట్లాడాడని. కోదాడ రాగంలో గొంతు ఎప్పుడూ చివరనే లేస్తుంది కాబట్టి ఆ గదిలో ఎవరూ "నేను" అనడం లేదు. ఎవడో ఎప్పుడో మాట్లాడి వెళ్లిపోయాడని అందరూ కలిసి అరుస్తున్నారు. ఇంతకంటే సరైన వర్ణన ఆ సెంటర్‌కు నేను రాయలేను.

అసలు నా కోపం ఇంకోచోట ఉంది. తెలుగులో "తిన్నాను" అంటే చాలు, తిన్నది ఎవరో క్రియ చెప్పేస్తుంది. "వస్తవా" అంటే నువ్వేనని తెలుస్తుంది. స్పానిష్ కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది. మనిషి క్రియ తోకలో ఉంటాడు. ఇంగ్లీషులో క్రియ మొద్దులా కదలకుండా కూర్చుంటుంది, ఎవరు తిన్నారో వేరే మాట పెట్టి చెప్పాలి. మరి మన సార్ స్పానిష్‌ను ఏ భాషలో నుంచి నేర్పాడు? ఇంగ్లీషులో నుంచి. చేయి తల చుట్టూ తిప్పి ముక్కు చూపించినట్టు. అది చాలదన్నట్టు, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు నోరు తెరిస్తే, "మీ వస్తవా పోతవా భాష ఇంట్లో పెట్టి రండి, దానికీ దీనికీ సంబంధం లేదు," అనేవాడట. సంబంధం ఉన్న ఒక్కగానొక్క భాషను బయట పెట్టించి తలుపేసుకున్నాడు.

మళ్లీ పిల్ల సంగతికి వస్తాను. మేమిద్దరం వసారాలో కూర్చుని క్రియలను విడివిడిగా పట్టుకోవడం మొదలుపెట్టాం. చేత్తో బల్ల మీద కొడుతూ, బరువు ఎక్కడ పడుతుందో వింటూ. ఒకరోజు దానికి ఒక అనుమానం వచ్చింది. ఆలోచించడాన్ని పెన్సార్ అంటారు. కానీ 'ఆలోచిస్తాను' పియెన్సో, 'ఆలోచిస్తాం' మాత్రం పెన్సామోస్. నడుమ ఆ 'య' శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది, మళ్లీ ఎక్కడికి పోయింది?

"రేపు సార్‌ను అడుగుత," అంది.

"అడుగు."

మర్నాడు మొహం మాడ్చుకుని వచ్చింది. చెప్పుల బెల్టు ఊడదీస్తూనే చెప్పింది.

"ఎక్సెప్షన్ అన్నడు. బట్టీ గొట్టు అన్నడు. మరి ఇంకొన్ని కూడా గిట్లనే ఉన్నయి గద సార్ అన్న. ప్రశ్నలు అడిగేటోళ్లు పాస్ గారు, పాసైనోళ్లు ప్రశ్నలు అడగరు అన్నడు. అందరు నవ్విన్రు."

ఈ 'ఎక్సెప్షన్' అనే మాటను గమనించండి. పూర్వం ఇదే పని 'కర్మ' చేసేది. బిడ్డ ఎందుకు చచ్చింది? కర్మ. వాన ఎందుకు రాలేదు? కర్మ. అడిగినవాడి నోరు మూయించడానికి మనవాళ్లు తయారుచేసుకున్న పాత తాళంకప్పకు సార్ కొత్త రంగు వేసుకున్నాడు.

జవాబు పుస్తకంలో ఉంది. నేను చెప్పలేదు. పిల్లనే బల్ల కొట్టమన్నాను. పియెన్సో అని కొట్టింది, పెన్సామోస్ అని కొట్టింది, మరో అరడజను కొట్టింది. ఉన్నట్టుండి చెయ్యి గాల్లో ఆపింది.

"అత్తా, బరువు దాని మీద పడ్డప్పుడే ఆ 'ఎ' పగులుతది! బరువు ఎనకకు పోంగనే మళ్ల మామూలైతది!"

"మరి ఎక్సెప్షన్ ఏది?"

"సారే," అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కంపెనీవాళ్లు ఫోన్లో మాట్లాడించి పరీక్ష చేసే రోజులు దగ్గరపడ్డాయి. ఎవరెవరి పేర్లు పంపాలో సార్ నిర్ణయిస్తాడనీ, ఆయన మాట మీదే కంపెనీ పిలుస్తుందనీ సెంటర్లో అందరికీ తెలుసు. పేర్లు పంపే ముందు గురుపూజ ఉంటుంది. పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి సార్ కాళ్లకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పుస్తకం ఆ కాళ్ల దగ్గర ఉంచి తీసుకోవాలి. మా పిల్ల పేరు లేదు. నోరు ఎక్కువైనందుకు తీసేశాడు. తండ్రిని తీసుకొచ్చి, పూజ రోజున అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే మళ్లీ చేరుస్తానని కబురు పంపాడు.

తమ్ముడు మిర్యాలగూడ నుంచి కొబ్బరికాయతో దిగాడు. నేనూ వస్తానంటే వాడి మొహం పాలిపోయింది.

"నీకు దండం పెడ్త అక్కా. నువ్వు రాకు. నువ్వొస్తే సభ అయితది."

"నోరు మూసుకుని నిలబడ్త."

"నువ్వా? నోరా?" అన్నాడు వాడు.

వాడే నిజం చెప్పాడు.

ఆ మేడ మీద పురుగుమందు వాసన, అగరొత్తి వాసన కలిసిపోయి ఉన్నాయి. సార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, కింద తువ్వాలు, తువ్వాలు మీద ఇత్తడి పళ్లెం, పళ్లెంలో ఆయన పాదాలు. వయసు నా తమ్ముడి కంటే తక్కువే. పిల్లలు వరుసలో ఉన్నారు. మమ్మల్ని చూసి ఆప్యాయంగానే నవ్వాడు.

"రండి రండి. పిల్ల తెలివైందేనండీ. కాకపోతే నోరు కాస్త దురుసు."

"సిన్నపిల్ల సార్. తెల్వక అడిగింది. మాఫ్ జేయుండ్రి," అన్నాడు తమ్ముడు.

తెలియకనే అడుగుతారు! తెలిస్తే ఎందుకు అడుగుతారు? ఈ దేశంలో తెలియక అడగడం ఒక నేరం, దానికి తండ్రి క్షమాపణ చెప్పాలి. నా నోరు తెరుచుకుంది.

"ఏం తప్పు చేసింది సార్?"

"ఒకరు మధ్యలో ప్రశ్నేస్తే క్లాసంతా రాగం తప్పుద్దండీ."

ఆయన నోటితోనే చెప్పాడు. రాగం.

"ఆ ప్రశ్నకు జవాబేంది?"

"ఎక్సెప్షన్ అండీ. అలాంటివి బోలెడుంటాయి."

"బోలెడు ఉండి, అన్నీ ఒకే తీరుగ మారితే, అది ఎక్సెప్షన్ ఎట్లయితది? రూలే అయితది గద?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వాదనలో నాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత కూల్చాలని. కాబట్టి చెప్పాను. బట్టీ పట్టడం పాపం కాదు. పద్యం నోటికి రావాలంటే బట్టీ పట్టాలి, ఎక్కాలు బట్టీ పట్టాలి, క్రియల తోకలు కూడా కొంత బట్టీ పట్టాలి. అంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు. కానీ ఎక్కం నేర్పినవాడు లెక్క చేయనివ్వాలి. ఎక్కమే లెక్క అన్నవాడు మోసగాడు. ఇదంతా చెప్పాను. పుస్తకం ఆయన కాళ్ల దగ్గర పెట్టే ముందు అందులో మొదటి పేజీలు ఆయన చదవాలని కూడా చెప్పాను. అది చెప్పాల్సింది కాదేమో. కానీ చెప్పాను.

సార్ మొహంలో నవ్వు పోయింది.

"మీరు నాస్తికులంట కదా మేడమ్. చదువంటే సరస్వతండీ. భక్తి లేనోళ్లకి రాదు. మీరేమన్నా అనుకోండి, నా మాట లేకుండా మీ అమ్మాయి ఆ కంపెనీలో కాలు పెట్టలేదు."

మేనకోడలు చేతిలో పసుపు పళ్లెం ఉంది. అది నన్ను చూడలేదు, సార్‌నూ చూడలేదు. పళ్లెం నేల మీద పెట్టి, "పోదాం పా, నాయనా," అంది.

నేను గెలిచాననుకుంటున్నారా? కోదాడ బస్టాండులో నా తమ్ముడు ఏమన్నాడో వినండి.

"గెలిచినవ్ గద అక్కా! శాల్వ కప్పాల్నా? నువ్వు సభల్ల ఎప్పుడు గిట్లనే గెలుస్తవ్. ఓడేది మేం. పిల్ల పేరు ఖతం. ఇగ మిల్లుకే."

కొబ్బరికాయ వాడి చేతిలోనే ఉంది. విజయవాడ బస్సు ఒకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

పిల్ల ఫోన్ తీసి చూస్తోంది. ఉద్యోగ ప్రకటన బొమ్మ, ఎప్పుడో సేవ్ చేసుకున్నది. సెంటర్లో ప్రతివాళ్ల ఫోన్లోనూ ఉంది అదే బొమ్మ. అడుగున కంపెనీ నంబరు ఉంది. అందరూ దాన్ని చూశారు. ఎవరూ నొక్కలేదు. ఇంత తర్కం చదివిన నాకూ తట్టలేదు. పిల్ల నొక్కింది.

"ఎవరికే?" అన్నాడు తమ్ముడు.

"కంపెనీకి."

"మనం జేస్తే ఎత్తుతరా? తెలిసినోళ్లతోని చేపియ్యాలె గాని!"

ఎత్తారు. స్పీకర్ పెట్టింది. అవతల ఎవరో అమ్మాయి.

"ఏ సెంటరండీ? మాకు ఏ సెంటర్‌తోనూ సంబంధం లేదు. లింకులో పేరు నమోదు చేసుకోండి. టైమిస్తాం, ఫోన్లోనే మాట్లాడిస్తాం."

"ఎవలన్న రికమండ్ చేయాల్నా మేడమ్?"

"దేనికండీ?" అంది ఆ అమ్మాయి, నిజంగా అర్థంకాక.

"గంతేనా?" అన్నాడు తమ్ముడు. కొంచెం తేరుకుని, "ఆ పిల్లకు పైన తెలిసినోళ్లెవరన్న ఉన్నరేమో అడుగకపోయినవ్," అన్నాడు.

ఇదీ మన రోగం. తెరిచి ఉన్న తలుపు దగ్గర కూడా, లోపలికి తీసుకుపోయే 'తెలిసినాయన' కోసం నిలబడతాం. దవాఖానలో చీటీకి తెలిసినాయన, కరెంటు మీటరుకు తెలిసినాయన, దేవుడి దగ్గరికి కూడా తెలిసినాయన. ఆ తెలిసినాయనకు ఏమీ తెలియదని కనుక్కోవడానికి ఒక్క ఫోను సరిపోతుంది. ఆ ఒక్క ఫోను చేయం, ఎందుకంటే నేరుగా అడగడమంటే మనకు పొగరు. ఆ సార్ అమ్ముకున్నది స్పానిష్ కాదు. మనం తొక్కడానికి భయపడే గడపను అమ్ముకున్నాడు.

ఆ తర్వాత పిల్ల కోదాడ పోలేదు. మా వసారాలోనే కూర్చుంది. దాని గొంతులో నుంచి ఎక్కాల రాగాన్ని వెళ్లగొట్టడం భాష నేర్పడం కన్నా కష్టమైంది. వాక్యం చివరికి రాగానే గొంతు అలవాటుగా మెట్టెక్కేది. నేను గరిటె ఎత్తేదాన్ని, అది నాలుక కరుచుకునేది. కూరగాయల బండివాడు వస్తే అతనితో తెలుగులో బేరమాడి, వెంటనే అదే బేరాన్ని నాతో స్పానిష్‌లో ఆడేది. మొదటికి వెళ్లకుండా, కళ్లు మూసుకోకుండా, ఏ క్రియ కావాలో దాన్నే చేయి పెట్టి తీసుకోవడం మెల్లగా వచ్చింది.

క్రియలు ఎలా పుడతాయో చూసినప్పుడైతే మాకు పండగే. రికో అంటే ధనికుడు; ముందో ముక్క, వెనకో ముక్క తగిలించి ఎన్‌రికెసేర్ అంటే ధనవంతం చేయడం. బ్యేహో అంటే ముసలి. ఎన్‌బెహెసేర్ అంటే ముసలితనం మీద పడటం. అసేర్ అంటే చేయడం, ముందు 'దెస్' తగిలిస్తే చేసినదాన్ని విప్పేయడం. కొత్త వస్తువు వస్తే వాళ్లు బెంబేలు పడరు. దాని పేరుకు 'ఎఆర్' అని తోక తగిలించి క్రియ చేసుకుంటారు. చాట్ చేయడం చా-తె-ఆర్. ఆ 'ఎ', 'ఆ' పక్కపక్కనే ఉన్నా కలిసిపోవు, ఆ భాష లెక్కలో రెండూ బలమైన అచ్చులు కనుక దేని ముక్క దానిదే. నోచే అంటే రాత్రి, అనొచెసేర్ అంటే రాత్రి కావడం. ఇంగ్లీషులో దీనికి ఒక ముద్ద వాక్యం కావాలి.

"మనకు ఉన్నది గద అత్తా ఒక్కటే మాట," అంది పిల్ల. "పొద్దుగూకుడు."

'ఇంట్లో పెట్టి రమ్మన్న' భాషలో ఉంది ఆ మాట.

పరీక్ష ఒక మధ్యాహ్నం జరిగింది. నన్ను బయటికి పొమ్మంది. పోయి మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్లో అవతలివాళ్ల మాట వినపడలేదు. మా పిల్ల గొంతు మాత్రం వినిపించింది. కోపంగా ఉన్న కస్టమరులా అవతలివాళ్లు మాట్లాడతారట, వీళ్లు సర్దిచెప్పాలట. ఒకచోట తడబడింది. ఆగింది. మొదటికి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. తప్పిన మాటనే మళ్లీ సరిగా అని ముందుకు పోయింది. అప్పుడే అనుకున్నాను, ఉద్యోగం రాకపోయినా ఈ పిల్ల బయటపడిందని.

ఉద్యోగం వచ్చింది.

వార్త విన్న మా తమ్ముడు మొదట చేసిన పనేమిటో చెప్పమంటారా? మిర్యాలగూడలో స్వీట్ల డబ్బా కొని, నేరుగా కోదాడ వెళ్లి సార్‌కు ఇచ్చి వచ్చాడు.

"ఎంతైన మొదలు నేర్పింది ఆయనే గద అక్కా. మళ్ల శాపనార్థం తగులుతది."

గింజ కొరికి తేమ చెప్పగలవాడి బుర్రలో ఇంత తడి ఎలా ఉందో నాకు తెలియదు.

డబ్బా ఊరికే పోలేదు. కొద్ది రోజుల్లో కోదాడ బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. సార్ ఫొటో పెద్దది, చేతులు కట్టుకుని. చుట్టూ పిల్లల మొహాలు. అందరికంటే పైన మా మేనకోడలు, చేరేటప్పుడు ఇచ్చిన పాస్‌పోర్టు ఫొటోలో, రెండు జడలతో. కింద 'మా విద్యార్థిని' అని. తమ్ముడు దాని ముందు సెల్ఫీ దిగి వాట్సాప్‌లో పెట్టాడు.

పిల్ల హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి సార్‌తో మాట్లాడింది. నేను పక్కనే లేను, తర్వాత అదే చెప్పింది.

"నా ఫొటో తీయుండ్రి సార్."

"ఏమ్మా, నువ్వు మా దగ్గర చదవలేదా?"

"చదివిన సార్. అందుకే మళ్ల నేర్సుకోవాల్సొచ్చింది."

ఆయన పెద్దగా నవ్వి, "నోరు ఇంకా తగ్గలేదన్నమాట," అని పెట్టేశాడట. ఫొటో తీయలేదు. తీయడు కూడా. ఆ మొహాన్ని చూసి ఆ మెట్లెక్కుతున్నవాళ్లు ఉన్నారు. హుజూర్‌నగర్ నుంచి, మఠంపల్లి నుంచి, మేళ్లచెరువు నుంచి తండ్రులు పిల్లల చేతులు పట్టుకుని దిగుతున్నారు. ఈ మధ్య ఆ దారిన పోతూ బస్సు కిటికీలో నుంచి విన్నాను. కొత్త బ్యాచ్. అదే రాగం, చివర అదే మెట్టు.

ఈ వ్యాసం చదివి, ఆహా బాగా తిట్టింది అని పక్కన పెట్టే పాఠకులు నాకు అక్కర్లేదు. మీ పిల్ల ఏదో ఒక మేడ మీద ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది. స్పానిష్ కాకపోతే జావా, జావా కాకపోతే నీట్. రేపు ఉదయం పని మానుకుని అక్కడికి వెళ్లండి. ఫీజు కట్టే కిటికీ దగ్గర ఆగకండి, తరగతి గదిలోకి వెళ్లండి. అరుపు ఆపించండి. మీ పిల్లను ఒక్కదాన్నే లేవమని, నేర్చుకున్నదాంట్లో ఏదో ఒకటి నడిమి నుంచి తీసి, ఎందుకలా ఉందో తన మాటల్లో, ఇంటి భాషలో చెప్పమనండి. తప్పు చెప్పినా ఫరవాలేదు, కూర్చోబెట్టి రండి. చెప్పడానికి ముందు అది భయంగా సార్ మొహం వైపు చూసిందా, ఇంక ఒక్క నిమిషం ఆగకండి. సంచి తీసుకోండి, చేయి పట్టుకోండి, మెట్లు దిగండి.